పొట్టతో వినే జతగాడు

ఆ రోజు పేలుడుకు నిర్ణయించిన సమయం సాయంత్రం నాలుగు గంటల పదిహేను నిమిషాలు. తొలిచిన రంధ్రాలు ముప్పై. మందు నింపినవి ఇరవై ఎనిమిది. ఒక్కో రంధ్రం లోతు ఎనిమిదిన్నర మీటర్లు, ఒక్కోదానిలో మందు ముప్పై అయిదు కిలోలు. రాతిముక్కలు ఎగిరిపడే ప్రమాదం ఉంటుంది కాబట్టి చుట్టూ అయిదు వందల మీటర్ల లోపల మనిషి గాని, పశువు గాని ఉండకూడదు. పేల్చేవాళ్లం నిలబడే ఇనుప గది ఒక్కటే దీనికి మినహాయింపు. అది మూడు వందల పది మీటర్ల దూరంలో ఉంటుంది. మా ఇంటి గుమ్మం నుంచి పేలుడు జరిగే చోటికి నడక దారి పదిహేడు వందల మీటర్లు. ఎనిమిదేళ్ల పిల్ల చేతిలో సద్ది డబ్బాతో నడిస్తే అరగంట పడుతుంది. ఈ చివరి లెక్క మాత్రం ఆ ఉదయం నేను వేయవలసి వస్తుందనుకోలేదు.

నేను తాడిపత్రి ప్రాంతంలో ఒక సున్నపురాయి గనిలో ఇంజనీరును. పేలుళ్ల బాధ్యత నాది. గనిని పెద్ద మెట్లుగా తవ్వుతూ దిగుతాం. ఒక్కో మెట్టును బెంచి అంటాం, దాని ముందు గోడను ఫేసు అంటాం. బెంచి పైనుంచి రంధ్రాలు తొలిచి, మందు దించి, నోటిదాకా రాతిపొడి కూరి, అన్ని రంధ్రాల తీగలను ఒకే వరుసగా కలిపి, దూరం నుంచి కరెంటు పంపితే ఫేసు విరిగి కింద పడుతుంది. అప్పటికి మా దగ్గర మందును అంటించడానికి ఇంకా కరెంటుతో పేలే డిటోనేటర్లే ఉండేవి. కరెంటు ఎక్కడి నుంచి వచ్చిందన్నది వాటికి పట్టదు. నా పేల్చే యంత్రం నుంచి వచ్చినా, మబ్బు నుంచి వచ్చినా వాటికి ఒకటే.

అది మే నెల చివరి వారం. అసలు పేలుడు మధ్యాహ్నం ఒంటిగంటన్నరకు జరగాలి. మందు తెచ్చే వ్యాను టైరు దారిలో పగిలి, రెండున్నర గంటలు ఆలస్యమయింది. కాలనీ గేటు దగ్గరి నల్లబల్ల మీద పాత సమయం చెరిపించి కొత్తది రాయించాను: మూడో బెంచి, తూర్పు ఫేసు, 4.15. చుట్టుపక్కల వాళ్లందరూ చదివి జాగ్రత్తపడడానికే ఆ బల్ల. చదవడం వచ్చిన పిల్లలు కూడా దాన్ని చదువుతారు.

ఇక్కడ ఆ పుస్తకం గురించి చెప్పాలి.

అంతకు కొన్ని నెలల ముందు తాడిపత్రి రైల్వే స్టేషన్ దగ్గర పాత పుస్తకాల అంగడిలో మా పాప కోసం ఒక బొమ్మల కథ కొన్నాను. వెనుక అట్ట లేదు, మొదటి రెండు పుటలు లేవు. రాసినవారెవరో, బొమ్మలు వేసినవారెవరో తెలియదు. కథ మూడో పుటలో మొదలవుతుంది. రాళ్ల గుట్టల నడుమ మేకలు కాచుకునే ఒక పాప బండ మీద చేయి ఆనిస్తుంది. బండ వెచ్చగా ఉంటుంది. కింద ఒక జంతువు ఉంది. దాని ఒళ్లు నాపరాళ్లు పేర్చినట్టు పొరలు పొరలుగా ఉంటుంది. ఆరు పొట్టి కాళ్లు. కళ్లు లేవు, చెవులు లేవు. అది పొట్టను రాతికి ఆనించి వింటుంది. మాట్లాడితే, ఆ మాటలు అందరి మాటల్లాగా బుడగలో ఉండవు. రాతి మీద పగుళ్లుగా పడతాయి. పాప ఆ పగుళ్లను వేలితో తడుముకుంటూ చదువుతుంది.

స్నేహం అన్నంతో మొదలవుతుంది. పాప తన సద్దిలోంచి ఒక ముద్ద తీసి రాతి సందులో పెడుతుంది. తాను చూస్తున్నంతసేపు ముద్ద అలాగే ఉంటుంది. వెళ్లి వచ్చేసరికి ఉండదు. ఆకాశం అంటే ఏమిటో పాప దానికి చెప్తుంది. భూమి లోపల నీళ్లు ఎటు పోతాయో అది పాపకు చెప్తుంది. తర్వాత టోపీలు పెట్టుకున్న మనుషులు తొలిచే యంత్రాలతో వస్తారు. ఆ మనుషులకు ముఖాలు గీయలేదు. టోపీ కింద ఖాళీ తెల్లకాగితం. పాప రాయి తీసుకుని బండ మీద మూడుసార్లు కొట్టి జంతువును హెచ్చరిస్తుంది. కాని అది చాలా నెమ్మదిగా కదిలే జీవి; ఒక కొండ దాటడానికి దానికి ఒక వానకాలం పడుతుంది.

మా పాప ఈ పుస్తకాన్ని రోజూ రాత్రి నా చేత చదివించుకునేది. నాకేమో వృత్తిరీత్యా కళ్లు వేరేచోటికి పోయేవి.

"ఈ బొమ్మ తప్పు," అన్నానొకసారి. "రంధ్రాలు ఇంత దగ్గర దగ్గరగా ఎవురూ కొట్టరు. యంత్రానికి గాలి గొట్టం గూడా లేదు చూడు."

"నాయనా, నువ్వు రంధ్రాలు చూడొద్దు. జంతువును చూడు."

"చూస్తాండా. అయినా దానికేం భయం? పేల్చే ముందర సైరన్ ఇస్తాం. వినుకోని పక్కకు పోతాది."

"దానికి చెవులు యాడుండాయి? సైరన్ గాల్లో పోతాది. అది రాయిలో ఉండాది. ఎట్ల ఇంటాది?"

గాలిలోని శబ్దం రాతిలోకి దాదాపుగా దిగదు. రాతి ముఖాన తగిలి తిరిగిపోతుంది. ఆమె చెప్పింది సరైన మాట.

"నిజమేలే," అన్నాను.

"మరి మీ గనిలో రాయి మీద కొట్టి చెప్పేవాళ్లు ఎవురు?"

"మా గనిలో అట్లాంటివి లేవు."

"యాల లేవు? నువ్వు సూసినావా?"

మర్నాడు చూస్తే, ముఖాల్లేని ఆ మనుషుల్లో ఒకరికి పెన్సిలుతో కళ్లు, మీసం గీసి ఉన్నాయి. మీసం నాదే. "నీకు కండ్లుంటే దాన్ని సూస్తావని," అంది.

మూడో బెంచి తూర్పు ఫేసు అడుగున ఒక బొక్క ఉంది. సున్నపురాతిలో పాతకాలపు నీళ్లు తొలిచిన బొక్కలుంటాయి. ఇది నోటి దగ్గర అడుగున్నర వెడల్పు, లోపల నాలుగు మీటర్ల పొడవు. గని అంచున ఉన్న రోడ్డు మీద మోటారు సైకిలెక్కి పోయేటప్పుడు అది స్పష్టంగా కనిపిస్తుంది. మా పాప దాన్ని "తలుపు" అనేది. మాకు మాత్రం అది పెద్ద తలనొప్పి. ముందురోజు రంధ్రాలు తొలుస్తుంటే రెండు నేరుగా ఆ బొక్కలోకే దిగాయి; మందు పోస్తే కిందికి జారిపోతుందని ఆ రెండింటినీ వదిలేశాం. ముప్పైలో ఇరవై ఎనిమిదే నింపడానికి కారణం అదే. అంటే బొక్కకు వెనకా, ఇరుపక్కలా నిండు రంధ్రాలున్నాయి.

మూడున్నర దాటాక నైరుతి వైపు మబ్బు లేచింది. ఏడాదంతా ఈ మబ్బు కోసం చూసే నేల ఇది. ఆ మధ్యాహ్నం దాన్ని రావద్దనుకున్నవాణ్ణి నేనొక్కణ్ణే అయివుంటాను. మెరుపుకూ ఉరుముకూ మధ్య ఇరవై ఏడు సెకన్లు లెక్కపెట్టాను. తొమ్మిది కిలోమీటర్లు.

"సార్, వాన దేవునికి మన నల్లబల్ల ఎవురో సదివి వినిపిచ్చినట్లుండాది," అన్నాడు బ్లాస్టర్. నల్లమాడ దగ్గరివాడు, నాకన్నా పదేళ్లు పెద్ద, తీగలు కలపడంలో నాకన్నా రెట్టింపు అనుభవం. నేను ఆయన్ను అన్నా అంటాను.

"పదైదు నిమిషాలు ముందే పేలుద్దామన్నా. అది దగ్గరికొస్తే ఎవురూ ఇంక తీగ ముట్టుకునేదానికి లేదు."

మొదటి సైరన్ వేయించాను. యంత్రానికి తీగలు తగిలించి, తాళంచెవి దూర్చి, నలుదిక్కులా ఎర్రజెండాలతో నిలబడ్డ కాపలావాళ్లను వాకీటాకీలో పిలిచాను. పడమర క్లియర్. ఉత్తరం క్లియర్. దక్షిణం క్లియర్.

తూర్పున ఉన్నాయన అరవై ఏళ్లవాడు. గని తవ్వక ముందు ఆ గుట్టల మీద గొర్రెలు కాచేవాడు. మేత పోయాక గనిలోనే కాపలాకు కుదిరాడు. ఆయనదొక పద్ధతి. జెండా దాటి లోపలికి ఒక మనిషి పోతే చొక్కా జేబులో ఒక గులకరాయి వేస్తాడు. ఆ మనిషి బయటికొస్తే రాయి తీసి పారేస్తాడు. జేబు ఖాళీ అయితేనే క్లియర్ అంటాడు. పన్నెండేళ్లలో ఆ జేబు ఒక్కసారి తప్పలేదు.

"తూర్పు క్లియర్ సారూ! జేబులో ఒక్క రాయి గూడా లేదు."

"ఆయప్ప వాకీటాకీలో గూడా గొర్రెల్ని అదిలిచ్చినట్లే అరుస్తాడు," అని బ్లాస్టర్ నవ్వాడు.

నేను తాళంచెవి మీద చేయి వేశాను. వాకీటాకీ మళ్లీ పలికింది.

"సారూ, ఖాళీ కడుపుతో పేల్చొద్దండీ. మీ పాప తెచ్చిన సద్ది తిన్న్యాకనే మీట నొక్కండి. శెనక్కాయల ఊరిబిండి వాసన నాకు ఈడికే నోరూరిచ్చె!"

నేను పన్నెండున్నరకే భోజనం చేశాను. ఆ డబ్బా నా బల్ల మీదే ఉంది.

"ఏం సద్ది?" అన్నాను.

ఆయన గొంతు తగ్గింది. "మీ పాప... ఇంతకు ముందే వచ్చె గదప్పా. చేతిలో సద్ది డబ్బా, సంకలో పుస్తకం. మీకాడికి రాలేదా?"

"నువ్వు రాయి వేసుకోలేదా?"

"సద్ది తెచ్చే మనిషికి రాయేందప్పా?"

ఆయన తప్పించుకోవడానికి అన్న మాట కాదది. మా వైపు సేద్యంలో నడిచే మర్యాదే అంత. చేనికి సద్ది తీసుకుపోయే మనిషిని ఎక్కడికని అడగరు, ఆపరు, వెనకనుంచి పిలవరు. సద్ది ఎవరికోసమో వాళ్లే ఆ మనిషిని చూసుకుంటారు. గనిలో పనికి కుదిరినవాళ్లంతా ఆ చేలలోంచి వచ్చినవాళ్లే కాబట్టి, ఆ మర్యాద జెండా దగ్గరికీ వచ్చింది. ఎన్నో ఏళ్లుగా ఆడవాళ్లు, పిల్లలు డబ్బాలతో ఆ జెండా దాటి వస్తూనే ఉన్నారు. వాళ్లెవరూ జేబులోకి లెక్కకు రాలేదు.

తాళంచెవి తీసి జేబులో వేసుకున్నాను. తీగ కొసలు యంత్రం నుంచి ఊడబీకి, రెండింటినీ కలిపి మెలిపెట్టాను. మెలిక సరిగా పడిందా లేదా అని రెండుసార్లు చూసినట్టు గుర్తుంది.

"యాడికి పోయింటాది?" అన్నాడు బ్లాస్టర్.

"బొక్క కాడికి."

ఉరుము. ఈసారి పద్దెనిమిది సెకన్లు. ఆరు కిలోమీటర్లు.

నిబంధన నేను కంఠతా చెప్పగలను. నింపిన రంధ్రాలుండగా పిడుగుల మబ్బు వస్తే మనుషులందరూ వెనక్కి రావాలి. ఎవరూ ముందుకు పోకూడదు. యంత్రం నుంచి తీగ ఊడదీసినంత మాత్రాన ప్రమాదం పోదు. ఇరవై ఎనిమిది డిటోనేటర్లూ ఒకే తీగగా బెంచి మీద పరుచుకుని ఉన్నాయి. దగ్గర్లో మెరుపు దిగితే, నేరుగా తగలకపోయినా, ఆ తీగలో దానంతట అదే కరెంటు పుడుతుంది. ఆ కరెంటు చాలు.

"నేను బెంచి మీదికి పోతాండా సార్," అన్నాడు బ్లాస్టర్. "వరుస తెంపేసి ఏ రంధ్రానికి ఆ రంధ్రం తీగ మెలిపెడితే, మబ్బు ఏం చేసినా కొంత మేలు. బొక్క ఉండే తావు నించి మొదలుపెడతా."

"వద్దన్నా. నీకు ఇద్దరు..."

"నీకొకటి ఉండాది గదప్పా ఆ రాళ్లల్లో. పో, నిలబడొద్దు!" సార్ అనడం ఆయన అక్కడే మానేశాడు.

ఆయన ర్యాంపు మీదుగా పైకి, నేను కిందికి పరిగెత్తాం. కింద నేల గతవారపు పేలుడు రాళ్లతో నిండి ఉంది. ఒకచోట మోకాలు కొట్టుకుపోయింది. పేరు పెట్టి అరిచాను. ఎదురుగాలి నా గొంతును నాకే తిప్పి కొట్టింది. ఫేసు ఇంకా యాభై మీటర్లుండగా ఆగి, ఊపిరి బిగబట్టి విన్నాను. టక్. టక్. టక్. కాస్త ఆగి మళ్లీ మూడు. రాతి మీద రాయి.

బొక్క నోట్లో తల పెట్టి చూశాను. లోపల చివర్న మోకాళ్ల మీద కూర్చుని ఉంది. ముందర సద్ది డబ్బా మూత తీసి ఉంది. ఒడిలో పుస్తకం.

"రా తల్లీ. బయటికి రా."

"గట్టిగా మాట్లాడొద్దు నాయనా. అది భయపడతాది."

"ఇప్పుడే రావాల. వానొస్తాండాది."

"నేనుంటే మీరు పేల్చరు గదా. అది వచ్చేదాకా ఉంటా. మూడు మూడు సార్లు కొడతానే ఉండా. ఇంగా రాలేదు."

నా భుజాలు ఆ నోట్లో పట్టవు. చేయి చాపితే ఆమె పాదానికి ఒక మీటరు దూరం మిగులుతోంది. పైన బ్లాస్టర్ నడుస్తున్న అలికిడికి రాతి సందుల్లోంచి సన్నటి పొడి రాలుతోంది. మెరుపు వెలుగు లోపలిదాకా పడి, డబ్బాలోని అన్నం తెల్లగా కనిపించింది. పన్నెండు సెకన్లు. నాలుగు కిలోమీటర్లు.

కోప్పడితే ఇంకా లోపలికి జరుగుతుందని తెలుసు. అలాంటి జంతువు లేదని చెప్తే వాదిస్తుందని తెలుసు. ఆ వాదనకు నా దగ్గర సమయం లేదు. ఆమె ఆ పుస్తకంలో ఉంది. నేను కూడా పుస్తకంలోకే పోవాలి.

"పుస్తకంలో అది ముద్ద ఎప్పుడు తింటాది?" అన్నాను.

"ఎవురూ సూడనప్పుడు."

"పాప ఆడే కూచ్చోని సూస్తాంటే తింటాదా?"

రాయి పట్టుకున్న ఆమె చేయి ఆగింది.

"నువ్వు కొట్టినావు. అది పొట్టతో వినింటాది. సందులో ఉండాదేమో, నువ్వుండావని రాలేకుండాదేమో. సద్ది ఆడే పెట్టి వస్తేనే గదా అది వచ్చేది?"

"నేనొచ్చినాక మీరు పేలిస్తే?"

"ఈ పొద్దు పేల్చను."

"నిజంగా?"

"తాళంచెవి నా జేబులో ఉండాది. సూడు." తీసి చూపించాను.

"రేపు?"

పైనుంచి బ్లాస్టర్ అరుపు: "పద్నాలుగు అయినాయి! ఇంకా సగముండాయి! దొరికిందా?"

"రేపు పొద్దున పేలుస్తాం," అన్నాను. ఆ క్షణంలో కూడా నోరు లెక్క తప్పలేదు. "రాత్రంతా దానికి టైముండాది."

"అది నిదానంగా పోతాది నాయనా."

"నువ్వు ఎంత బిర్నా వస్తే దానికి అంత ఎక్కువ టైము."

ఆమె ఆలోచించింది. ఆ ఆలోచన ఎంతసేపు పట్టిందో నేను కొలవలేదు. తర్వాత డబ్బాను రాతి సందు దగ్గరికి జరిపింది. పుస్తకాన్ని జంతువు బొమ్మ ఉన్న పుట తెరిచి పక్కన పెట్టింది. రాయితో ఇంకో మూడుసార్లు కొట్టి, పాకుతూ వచ్చింది. మోచేయి అందిన వెంటనే లాగి భుజాన వేసుకున్నాను. ఈల మూడుసార్లు ఊదాను. బ్లాస్టర్‌కు వెనక్కి రమ్మని అది సంకేతం.

ఆయన వెంటనే రాలేదు. ర్యాంపు ఎక్కుతూ వెనక్కి చూస్తే వంగి ఇంకా తీగ మెలిపెడుతున్నాడు. మళ్లీ ఊదాను. అప్పుడు లేచాడు. ఉరుము తొమ్మిది సెకన్లకు వచ్చింది. మేమిద్దరం ఇనుప గదిలో పడ్డ కాసేపటికి ఆయన కూడా వచ్చి తలుపు లాక్కున్నాడు. ఎడమ అరచేయి తీగకు కోసుకుపోయి రక్తం కారుతోంది.

"పదిహేడు తెంపినా," అన్నాడు. "పదకొండు మిగిలినాయి. ఆ ఉత్తరం కొస."

పాప ఆయన చేయి చూసి, "సద్ది పెట్టొచ్చినా," అంది.

"మంచి పని చేసినావు తల్లీ. మాకేమన్నా మిగిలిచ్చినావా?"

తర్వాత జరిగినదానికి నేను సెకన్లు లెక్కపెట్టే అవసరం రాలేదు. మెరుపు, ఉరుము, పేలుడు మూడూ ఒకేసారి వచ్చాయి. ఇనుప పైకప్పు మీద రాళ్లు పడ్డాయి. పాప తలను నా కడుపుకు అదిమిపెట్టి ఉంచాను. శబ్దం ఆగాక గవాక్షంలోంచి చూశాను. ఉత్తరపు కొసన పదకొండు రంధ్రాలూ వాటంతటవే పేలిపోయాయి. అక్కడి ఫేసు విరిగి, రాళ్లు పక్కకు దొర్లి, బొక్క నోటిని రెండు మీటర్ల ఎత్తున కప్పేశాయి. బొక్క చుట్టూ ఉన్న రంధ్రాలు, బ్లాస్టర్ తెంపినవి, కదలకుండా ఉన్నాయి.

వాన మొదలయింది. పెద్ద చినుకులు దుమ్ములో పడి మట్టివాసన లేచింది.

పాప నా కడుపు నుంచి తల తీసి, గవాక్షం దగ్గరికి పోయి, మునివేళ్ల మీద నిలబడి చూసింది. బొక్క ఉన్న చోటు వెతుక్కుంది.

"పేల్చనంటివే నాయనా," అంది.

"నేను పేల్చలేదమ్మా. మెరుపు."

తాళంచెవి ఇంకా నా పిడికిట్లోనే ఉంది. ఆమె దానివైపు చూడలేదు. వాకీటాకీలో తూర్పు కాపలా ఆయన అరుస్తున్నాడు: "పాప ఉండాదా? సారూ, పాప ఉండాదా?" నేను ఉందని చెప్పాను. అటునుంచి ఏడుపు వినిపించింది. అరవై ఏళ్ల మనిషి ఏడుపు వాకీటాకీలో గరగరమంటూ చాలాసేపు వచ్చింది. ఆయన మీట వదలడం మరిచిపోయాడు.

నా భార్య ఆ సాయంత్రమంతా నీళ్ల ట్యాంకరు దగ్గర వరుసలో నిలబడి ఉంది. మేము తడిసి ఇంటికి పోయేసరికి బిందెలు దించుకుంటోంది. జరిగింది చెప్పాను. విని, పాపకు తల తుడిచింది, దుస్తులు మార్చింది. తర్వాత నా దగ్గరికొచ్చి ఒకే ప్రశ్న అడిగింది: "ఆయప్ప ఆ సద్ది మాట అనకపోయింటే?" జవాబు ఇద్దరికీ తెలుసు.

ఆ ఆదివారం పాపను కూర్చోబెట్టి వివరించడానికి ప్రయత్నించాను. రాగి తీగను చుట్టగా చుట్టి, దాని కొసలకు కరెంటు కొలిచే మీటరు ఒకటి తగిలించి, చుట్ట పక్కన అయస్కాంతాన్ని వేగంగా కదిపాను. ముల్లు కదిలింది. అయస్కాంతం తీగను తాకలేదని చూపించాను. మెరుపు కూడా ఇలాగే దూరం నుంచే తీగలో కరెంటు పుట్టిస్తుందని, ఆ కరెంటే పేల్చిందని, నా చేయి అందులో లేదని చెప్పాను. ఆమె అయస్కాంతం తీసుకుని తానే నాలుగుసార్లు చేసి చూసింది. అర్థమయింది. ఆమెకు ఇలాంటివి త్వరగా అర్థమవుతాయి.

"మెరుపొస్తే అది పేలుతాదని నీకు ముందే తెలుసా?"

"తెలుసు."

"పేల్చనని నాకు చెప్పేటప్పుడు గూడా తెలుసా?"

"తెలుసు."

"ఊఁ," అంది. అయస్కాంతాన్ని పెట్టెలో పెట్టి, మూత వేసి, ఆడుకోవడానికి పోయింది.

విచారణ జరిగింది. తూర్పు కాపలా ఆయన్ను రాయి ఎందుకు వేసుకోలేదని అడిగినప్పుడు, నాకు చెప్పిన మాటే వాళ్లకూ చెప్పాడు. వాళ్లు అది రాసుకున్నారు. ఇప్పుడు సద్ది తెచ్చేవాళ్లు జెండా దగ్గరే ఆగిపోతారు; పనివాళ్లే అక్కడిదాకా నడిచి వచ్చి తింటారు. నిబంధనగా అది సరైనది. నేనే దాన్ని రాశాను.

మొత్తం లెక్క ఇది. ప్రాణనష్టం లేదు. గాయాలు రెండు: బ్లాస్టర్ ఎడమ అరచేతికి ఆరు కుట్లు, నా మోకాలికి మూడు. అదుపు లేకుండా పేలిన మందు మూడు వందల ఎనభై అయిదు కిలోలు. తడిసిన మిగతా పదిహేడు రంధ్రాలను అనుమతి వచ్చాక మళ్లీ కలిపి పేల్చాం. వాటితో బొక్క పూర్తిగా పోయింది. పనికిరాకుండా పోయిన తీగ నూట నలభై మీటర్లు. నా ధ్రువపత్రం మూడు నెలలు నిలిపివేశారు. తూర్పు కాపలా ఆయన ఉద్యోగం పోయింది. కదిరిలో కొడుకు దగ్గరికి వెళ్లిపోయాడు. కురిసిన వాన పదకొండు మిల్లీమీటర్లు, విత్తనానికి చాలలేదు. సద్ది డబ్బా ఒకటి. పుస్తకం ఒకటి, తాడిపత్రిలో, కదిరిలో అడిగాను, ఇంకో ప్రతి దొరకలేదు. పాప రాత్రిపూట వేరే పుస్తకాలు తానే చదువుకుంటోంది. నన్ను చదవమని అడగడం లేదు.